బొబ్బిలి దగ్గర చిన్న సినిమా తీయాలనుకుంటున్నాం: కెమెరా, సౌండు, మనుషుల సాయం ఎక్కడ దొరుకుతాయి?

పనసచెక్క:

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మూడేళ్లుగా ఒక కథ రాసుకుంటున్నాను. ఇప్పుడు తియ్యకపోతే ఇక ఎప్పటికీ తియ్యలేనేమో అనిపిస్తోంది.

బొబ్బిలి వీణ గురించి మీరు వినే ఉంటారు. మాకు దగ్గర్లోని గొల్లపల్లిలో చేస్తారు. ఒకే పనస దుంగని తొలిచి కుండ, దండి అన్నీ అందులోంచే చెక్కుతారు. నా కథ ఒక పదమూడేళ్ల పిల్లది. తాతకి చూపు మందగించింది. కొడుకు హైదరాబాద్‌లో వేరే పనిలో కుదురుకున్నాడు. ఉలి పట్టడానికి ఇంట్లో మిగిలింది ఈ మనవరాలే. డెబ్బై నిమిషాలు వస్తుందని మా లెక్క.

నా దగ్గర చిట్టీ పాడిన డబ్బు 3.5 లక్షలు ఉంది. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ నేర్చుకున్నాడు. అంతకుమించి ఈ రంగంలో మాకు ఎవరూ తెలీదు. హైదరాబాద్‌లో కెమెరా అద్దెకిచ్చేవాళ్లని అడిగితే వాళ్లు చెప్పిన రోజువారీ రేటుకి మా డబ్బు వారం కూడా రాదు. నటులుగా ఊళ్లోవాళ్లనే పెట్టుకోవాలనుంది, వాళ్ల చేత ఎలా చేయించాలో తెలీదు. కథలో దుంగలు మోసే ఎడ్లబండి ఒకటి ఉంది. తీశాక ఎక్కడ చూపించాలో కూడా తెలీదు. ఇలాంటి చిన్న ఊళ్లలో తీసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.

నాగావళి_ఒడ్డు:

అమ్మా, మాది శ్రీకాకుళం వైపు. 2019లో మా ఊళ్లోనే 54 నిమిషాల సినిమా తీశాను. మొత్తం ఖర్చు 2,85,000. మీ పోస్టు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు కెమెరా సంగతి. హైదరాబాద్ వద్దు. మీ చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లని పట్టుకోండి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, రాజాం ఎక్కడికి వెళ్లినా మంచి సోనీ కెమెరా, రెండు మూడు లెన్సులు, గింబల్ (కెమెరా పట్టుకుని నడిచినా బొమ్మ ఊగకుండా చూసే పిడి), ఎల్‌ఈడీ లైట్లు ఉన్నవాళ్లు ఉంటారు. ముహూర్తాల రోజుల్లో వాళ్లు దొరకరు. కానీ ఆషాఢం వచ్చిందంటే, మూఢం పడిందంటే ఆ సామాను అంతా బీరువాలోనే ఉంటుంది. నేను ఆషాఢంలో పదకొండు రోజులకి మనిషితో సహా 45,000కి మాట్లాడుకున్నాను. ఆ కుర్రాడికి పదేళ్లుగా తలంబ్రాలు, అప్పగింతలు తీసి తీసి విసుగొచ్చి ఉంది. కథ చెప్పగానే కళ్లు మెరిశాయి. ఒక్కటి మాత్రం ముందే చెప్పుకోండి. పెళ్లిలో కెమెరా ఊరికే ఉండకూడదు, తిరుగుతూనే ఉండాలి. మీ సినిమాలో అది కదలకుండా ఉండాలి. మొదటి రెండు రోజులు మేం స్టాండు మీదనే తీశాం, గింబల్ ముట్టుకోలేదు. ఆషాఢంలో మీకు వానతో ఇబ్బంది ఉంటుంది గాని, మీ కథ ఎక్కువగా వీణలు చేసే పాకలోనే కాబట్టి నెట్టుకురావచ్చు.

మిగతాదంతా టెంట్‌హౌస్ ఇస్తుంది. జనరేటర్, కేబుళ్లు, కుర్చీలు, ఎండ కొట్టకుండా కట్టడానికి నల్లగుడ్డ, వంట గిన్నెలు. ఆ షాపాయనకి సినిమాలో ఒక చిన్న వేషం ఇచ్చాం, అద్దెలో సగం తీసుకోలేదు.

మాకు అన్నిటికన్నా పెద్ద ఖర్చు భోజనాలు, 64,000. అక్కడ మాత్రం పొదుపు చెయ్యకండి. ఊళ్లో ఒక ఇంటివాళ్లకే వంట అప్పగించి, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ ఒకే పంక్తిలో కూర్చునేలా చూశాం. నటించినవాళ్లు, లైటు పట్టినవాళ్లు, చూడ్డానికి వచ్చిన పిల్లలు, అందరూ. మూడోరోజు నుంచి ఊరు మాది అయిపోయింది. మైకు పెట్టి పాటలు వేసే కుర్రాళ్లే వచ్చి, ఏ టైముకి ఆపాలో చెప్పండన్నారు.

ఇక ఊళ్లోవాళ్ల చేత నటింపజెయ్యడం. మా సినిమాలో ముసలమ్మ పాత్రకి మా వీధిలోని ఒక అవ్వని తీసుకున్నాం. ఎదురుగా కెమెరా పెట్టి "కొడుకు ఉత్తరం రాయలేదని బాధపడవే" అంటే బిగుసుకుపోయింది, మాట పెగల్లేదు. నాలుగు టేకులు పోయాయి. సాయంత్రం అయిపోతోంది. ఇంతలో వాళ్ల కోడలు ఒక చాట నిండా చింతపండు తెచ్చి, పిక్కలు తియ్యమని అవ్వ ముందు పెట్టి వెళ్లింది. అవ్వ చేతులు వాటంతట అవే పని మొదలెట్టాయి. మేం కెమెరా ఆపలేదు. పిక్క తీసి పక్కన పడేస్తూ, తల ఎత్తకుండా, "ఆడికేటి, ఆడి పిల్లలు ఆడికున్నారు" అంది. అది నేను రాసిన మాట కాదు. సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన మాట అదే. అప్పటినుంచి ఎవరికి డైలాగ్ ఉన్నా చేతిలో పని పెట్టాను. మీకైతే ఆ పని కథలోనే ఉంది. ఉలి, సుత్తి, ఆకురాయి పట్టుకుని బతికినవాళ్లు ఆ పని చేస్తూ మాట్లాడితే నటన అని ఎవరికీ అనిపించదు. తాత పాత్రకి మాత్రం పరిషత్తు నాటకాల్లో వేసిన పెద్దవాళ్లని కూడా చూడండి. ఆఖరి వరుసకి వినిపించేలా మాట్లాడ్డం వాళ్లకి అలవాటు, ఆ గొంతు తగ్గించమని వారం ముందు నుంచే చెప్పాలి.

ధైర్యం కావాలంటే విశాఖ కంచరపాలెం గుర్తు చేసుకోండి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎనభైమందికి పైగా ఆ పేటవాళ్లే నటించారు. సౌండు కూడా అక్కడికక్కడే పట్టారు. నిర్మాత అమెరికాలో డాక్టరు.

ఒక నష్టం కూడా చెప్పాలి. ఆరోరోజు రాత్రి కార్డు కాపీ అయిందనుకుని ఫార్మాట్ కొట్టేశాం. అవలేదు. నూతి దగ్గర తీసిన సీను మొత్తం పోయింది, మళ్లీ తియ్యబోతే ఆ నూతికి అప్పటికే గిలక మార్చేశారు. ఆ సీను లేకుండానే సినిమా ముగించాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ అది లోపల గుచ్చుతుంది. రెండు హార్డ్ డిస్కులు కొనండి. ప్రతి రాత్రి రెండింటిలోకీ ఎక్కించి, తెరిచి చూసుకుని, ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఇంట్లో పెట్టండి.

నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇది. డబ్బు అడగడానికి కథ పట్టుకుని వెళ్లకండి. అయిదారు నిమిషాలు తీసి, ఊళ్లోనే తెల్లగుడ్డ కట్టి చూపించి, అప్పుడు అడగండి. నేను తియ్యకముందు మా రైసుమిల్లు యజమాని దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మర్యాదగా టీ ఇచ్చి పంపారు. తీశాక రామాలయం ముందు వేశాం, ఆయన వెనక నిలబడి చూశారు. వాళ్ల నాన్నగారు ఎడ్లకి నీళ్లు పెట్టే తొట్టి తెర మీద కనిపించింది. మర్నాడు పొద్దున్న మా ఇంటికొచ్చి 40,000 ఇచ్చి, "ఇంకేం కావాలి" అన్నారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు, సినిమా పండగలకి (ఫిల్మ్ ఫెస్టివళ్లకి) పంపే ఫీజులు ఆ డబ్బుతోనే కట్టాం. నేను వరస తిరగేసి చేశాను. మీరు ముందు చూపించండి.

బూమ్‌రాడ్:

నేను హైదరాబాద్‌లో సౌండు రికార్డిస్టుని, పుట్టింది గజపతినగరం దగ్గర. పైన అన్నయ్య చెప్పినదంతా నిజం. సౌండు గురించి నేను చెబుతాను.

మన దగ్గర డబ్బింగ్ అలవాటు ఎక్కువ. కానీ ఊళ్లోవాళ్లు గాజు గదిలో నిలబడి తమ పెదాలు చూస్తూ మళ్లీ అదే మాట చెప్పలేరు. కాబట్టి మీకు సింక్ సౌండు, అంటే షూటింగులోనే మాట పట్టడం తప్ప వేరే దారి లేదు. జూమ్ కంపెనీది లాంటి చిన్న రికార్డరు, ఒక షాట్‌గన్ మైకు (ఎదురుగా వచ్చే మాటనే ఎక్కువగా పట్టే పొడుగు మైకు), దానికి గాలి తొడుగు, మైకుని మనిషి దగ్గరికి చాపడానికి ఒక బూమ్ కర్ర ఉంటే చాలు. కెమెరాలో ఒక లెన్సు తగ్గించుకోండి గాని మైకు తగ్గించుకోకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చెయ్యండి. విడిగా పట్టిన మాట బొమ్మతో కలవడానికి ప్రతి షాటుకి క్లాప్ కొట్టండి. క్లాప్ లేకపోతే ఎడిటింగ్‌లో మీ తమ్ముడికి చుక్కలు కనిపిస్తాయి.

టేకు ముందు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్గు తియ్యాలి, ఫోన్లు పక్కింట్లో పెట్టాలి. పాక రేకులదా, తాటాకుదా చూసుకోండి. రేకు మీద చినుకు పడితే ఇక మాట వినిపించదు. ప్రతి చోటా పని అయ్యాక, ఎవరూ కదలకుండా, ఒక నిమిషం ఆ చోటి నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకు వెయ్యడానికి అది కావాలి.

ఇంకొకటి. నేను చిన్నప్పుడు గొల్లపల్లి వెళ్లాను. మైనం మీద వీణ మెట్లు 24 నిలబెట్టి, ఒక్కో మెట్టుని స్వరానికి సరిచేసి మేళం కట్టేటప్పుడు, ఆ పెద్దాయన తంత్రి మీటి, చెవి దగ్గరగా పెట్టి, మెట్టుని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటేవాడు. నాకు తేడా తెలిసేది కాదు. ఆయనకి తెలిసేది. మీ కథలో తాతకి చూపు తగ్గింది కదా. ఆ సీను సంగీతం వెయ్యకుండా, ఆ మీటే చప్పుడు ఒక్కదానితో నడపండి. అది దొరికితే మీ సినిమా నిలబడుతుంది. ఆ ఒక్క రోజుకి పైకం లేకుండా నేను వస్తాను. బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు, ఎలాగూ అమ్మని చూడ్డానికి రావాలి.

ప్రొడక్షన్_మేనేజరు:

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇవి పట్టించుకోకపోతే చివర్లో ఆగిపోతారు.

మీ ప్రధాన పాత్రకి పదమూడేళ్లు. పద్నాలుగు నిండని పిల్లలు నటించాలంటే బాలకార్మిక చట్టం నిబంధనల ప్రకారం నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర, అంటే విజయనగరం కలెక్టర్ దగ్గర అనుమతి తీసుకోవాలి. రోజుకి అయిదు గంటలకి మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. పాపకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆమె పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. పాప బడి మానకూడదు. మీరు టీచరు కాబట్టి ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తల్లిదండ్రుల ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి.

ఎడ్లబండి ఉందన్నారు. జంతువులతో తియ్యాలంటే షూటింగుకి ముందే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. సెన్సారుకి వెళ్తే ఆ కాగితం అడుగుతారు. ఎడ్లు కథకి ప్రాణం కాకపోతే ట్రాక్టరు పెట్టుకోండి, నెల కలిసొస్తుంది. థియేటర్లో వెయ్యాలంటే సెన్సారు తప్పదు, యూట్యూబ్‌కి అవసరం లేదు.

నటించిన ప్రతి ఒక్కరి చేతా సంతకం చేయించుకోండి, తెలుగులో రాసి, చదివి వినిపించి. అందరికీ ఎంతో కొంత కూలి ఇవ్వండి. ఊళ్లోవాళ్లు వద్దంటారు. అయినా ఇవ్వండి.

లామకాన్_మెట్లమీద:

ఎక్కడ చూపించాలని అడిగారు కదండీ. విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సభలు, సినిమా ప్రదర్శనలు జరుగుతుంటాయి, అక్కడ ముందు అడగండి. హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. 2010 నుంచి నడుస్తోంది, నాలాంటివాళ్లం అక్కడే సినిమా చూడ్డం నేర్చుకున్నాం. 1974 నాటి హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఉంది. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ "సినివారం" పేరుతో శనివారాలు కొత్తవాళ్ల చిన్న సినిమాలు వేస్తూ వచ్చింది. మాది విజయనగరం జిల్లా కదా అని సందేహించకుండా అక్కడా అడిగి చూడండి. తర్వాతి మెట్టు గోవా. ఏటా నవంబర్‌లో కేంద్రప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్ జరుగుతుంది, 2025లో దాని పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్ అయింది. అక్కడి వ్యూయింగ్ రూమ్‌కి పంపితే దేశదేశాల పండగలకి సినిమాలు ఎంచేవాళ్లు చూసే వీలుంటుంది. థియేటర్ ప్రొజెక్టరుకి కావాల్సిన డీసీపీ అనే ఫైలుని డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ తమ్ముడే చేసుకోవచ్చు. రంగులు దిద్దడానికి డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మీకు సరిపోతుంది.

పనసచెక్క:

ఇన్ని మాటలు చెబుతారని అనుకోలేదు. అందరికీ పేరుపేరునా దండం.

రెండు వారాలు ఆగి రాస్తున్నాను. ఎడ్లబండి తీసేశాను, దుంగ ట్రాలీ ఆటోలో వస్తుంది. పాప అమ్మానాన్నలతో మాట్లాడాను. కలెక్టరాఫీసుకి దరఖాస్తు ఇచ్చాం. రాజాంలో ఒక వీడియో అబ్బాయి దొరికాడు. ఆషాఢం అంతా ఖాళీయేనట.

నాగావళి అన్నయ్యా, మీరు చెప్పినట్టే ముందు ఆరు నిమిషాలు తీశాం. గొల్లపల్లి తాతగారొకరు పనస చెక్కని ఉలితో తీస్తూ, పాపకి ఉలి ఎలా పట్టాలో చెబుతున్నారు. మేం రాసిన మాటలు ఆయన ఒక్కటీ అనలేదు. పాప బొటనవేలు పట్టుకుని కొంచెం వెనక్కి జరిపి, "ఇక్కడ. చెక్క చెబుద్ది" అన్నారు. పాప తల ఊపింది. ఆ పసుపుపచ్చటి పొట్టు ఆమె గౌను మీద రాలుతూ ఉంది. తమ్ముడూ నేనూ రాత్రి ఆ ముక్క పదిసార్లు చూసుకున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం ఏడింటికి, వీణలు చేసే వీధి చివర గుడ్డ కట్టి చూపిస్తున్నాం. ప్రొజెక్టరు టెంట్‌హౌస్ ఇచ్చింది గాని దాని స్పీకరు బొంగురుగా ఉంది, ఉలి చప్పుడు సరిగ్గా వినిపించడం లేదు. బూమ్‌రాడ్ తమ్ముడూ, దగ్గర్లో మంచి స్పీకర్లు రెండు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పగలవా? శనివారానికి వెళ్లి తెచ్చుకుంటాం.