అమృతధారను నెలల బిడ్డలకు పట్టవచ్చునా?

కనిగిరి వాసి: పసిబిడ్డకు కడుపు ఉబ్బరిస్తే వాము కాచిన నీళ్లు పట్టడం మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు కొందరు వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం సమపాళ్లలో సీసాలో వేసి, అవి కరిగి నూనెలా మారాక, ఆ అమృతధారను ఒక్కో చుక్క నీళ్లలో కలిపి నెలల బిడ్డలకు పడుతున్నారు. వాము నీళ్లు పనికివచ్చినప్పుడు, ఆ వాము నుంచే తీసిన పువ్వు ఎందుకు పనికిరాదో వద్దనేవారు చెప్పాలి.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, కావలి: రెండింటిలోనూ ఉన్నది వాముకు ఘాటునిచ్చే థైమాల్ అనే పదార్థమే, తేడా మోతాదులో ఉన్నది. వాము గింజల్లో సుగంధ తైలం సాధారణంగా నూటికి 2 నుంచి 4 పాళ్లు ఉంటుంది, అందులో దాదాపు సగం థైమాల్, మిగిలినదానిలో ఎక్కువ భాగం పారా-సైమీన్, గామా-టెర్పినీన్. ఈ లెక్కన 2 గ్రాముల వాములో థైమాల్ 30 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటుంది. కాచేటప్పుడు అందులోనూ కొంత ఆవిరితో పోతుంది, కొంత గింజలోనే ఉండిపోతుంది. పువ్వు అచ్చమైన థైమాల్ స్ఫటికం కనుక, అర గ్రాము పువ్వుకు సాటి రావాలంటే ముప్పై గ్రాములకు పైగా వాము కావాలి. (ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప వాము నీళ్లు కూడా అక్కరలేదని శిశువైద్యులు అంటారు, అది వేరే చర్చ.)

థైమాల్ మందు కాదని నేను అనను. 20వ శతాబ్దం తొలి దశకాల్లో కొంకిపురుగులను వెళ్లగొట్టడానికి పెద్దలకు దానిని గ్రాముల కొద్దీ ఇచ్చారు. అయితే నూనె, సారా దానిని రక్తంలోకి త్వరగా చేరుస్తాయి కనుక ఆ పూట వాటిని ముట్టవద్దనేవారు. అంతకంటే భద్రమైన మందులు వచ్చాక దానిని వదిలేశారు.

ఈ సీసాలో నన్ను ఎక్కువగా భయపెట్టేది కర్పూరం. విడిగా థైమాల్ సుమారు 50 డిగ్రీల దగ్గర, మెంథాల్ (పుదీనా పువ్వు) 42 దగ్గర, కర్పూరం 175 దాటాక కరుగుతాయి. కలిపినప్పుడు ఒకదాని అణువులు మరొకదానిని స్ఫటికం కట్టనివ్వవు కాబట్టి మామూలు వేడికే ద్రవమవుతాయి. చూడముచ్చటైన ప్రయోగమే. కానీ కర్పూరం మెదడును రేపి మూర్ఛ తెప్పించగలదు, గ్రాము మింగిన పసివాళ్లు మరణించిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

పొదిలి రైతు: చుక్క 30 మిల్లీగ్రాములనుకుంటే అందులో కర్పూరం 10 మిల్లీగ్రాములే, అంటే మీరు చెప్పిన గ్రాములో నూరో వంతు. వాము నీళ్లకు మోతాదు లెక్క చూసినవారు చుక్కకు మాత్రం ఎందుకు చూడరు?

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, కావలి: లెక్క సరైనదే. అయితే ఆ చుక్క నీళ్లలో సరిగా కలవదు, పైన తెట్టుగా నిలుస్తుంది. మొదటి చెంచాలోనే చాలావరకు నోట్లోకి పోయి గొంతును మండించవచ్చు. ఇక 5 మిల్లీలీటర్ల సీసాలో కర్పూరం సుమారు ఒకటిన్నర గ్రాములు ఉంటుంది, పాకే బిడ్డ చేతికి అందేది చుక్క కాదు, సీసా. మెంథాల్‌ను శిశువు ముక్కు దగ్గర రాస్తే ఊపిరి పట్టేసిన ఉదంతాలూ ఉన్నాయి.

నెల్లూరు పాఠకురాలు: హారతి కర్పూరం మాని పచ్చకర్పూరం వేస్తే?

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, కావలి: అమ్మా, పచ్చకర్పూరంలో ఉన్నదీ ఆ కర్పూరమే. ప్రసాదంలో వేసేది రవ్వంత, ఇక్కడ మూడో వంతు.