క్షమాపణ అడిగాక కూడా గర్వం పోలేదు, ఏటి చెయ్యాలి?

ప్రశ్న (రాజాం నుంచి):
అందరికీ వందనాలండి. మాది రాజాం దగ్గర పల్లె, చిన్న సంఘం. పన్నెండేళ్లుగా ఆరాధనలో కీబోర్డు నేనే వాయిస్తన్నాను. క్రిస్మస్ ముందు ప్రాక్టీసులో ఇంటర్ చదివే కుర్రోడొకడు నా చోట కూర్చుని వాయించీసాడు, బాగానే వాయించాడు నిజం చెప్పాలంటే, అందుకే నాకు మండింది, అందరి ముందూ "శృతి తెలీనోళ్లు కూడా వాయించీడమే" అని అనీసాను. అప్పట్నుంచి చర్చికి రావడం మానీసాడు. నెల్రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆఖరికి వాళ్లింటికెళ్లి తప్పయిపోయింది తమ్ముడూ అన్నాను, వాళ్లమ్మ టీ ఇచ్చింది. కానీ బండి మీద తిరిగొస్తుంటే మనసులో ఏటొచ్చిందంటే, "చిన్నోడి ముందు ఇలాగ ఇంకెవరు తగ్గుతారు" అని. అంటే తగ్గడంలో కూడా గర్వమే. ఇది పశ్చాత్తాపమేనా అసలు?

జవాబు (పాలకొండ):
బ్రదర్, యూదా రాజు ఉజ్జియా గురించి బైబిల్లో రెండో దినవృత్తాంతాలు 26వ అధ్యాయం ఒకసారి చదవండి. 52 ఏళ్లు ఏలాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టం, మనూరి రైతులా అనిపిస్తాడు నాకు. అంతా బాగా కుదిరాక మనసు పొంగింది, గుళ్లోకెళ్లి, అక్కడ సేవ చేసే యాజకులు మాత్రమే వెయ్యాల్సిన ధూపం తనే వెయ్యబోయాడు. అజర్యా, ఇంకో 80 మంది యాజకులు అడ్డం నిలబడి ఇది నీ పని కాదన్నారు. అప్పుడైనా ఆ ధూపార్తి కింద పెట్టీసుంటే సరిపోను, కోపం తెచ్చుకున్నాడు, ఆ కోపంలో ఉండగానే నుదుటి మీద కుష్ఠు లేచింది, చచ్చేదాకా విడిగా ఇంకో ఇంట్లో ఉండిపోయాడు. లోపలికెళ్లిన తప్పు కంటే, చెప్తే వినకపోవడమే అతన్ని ముంచిందని నా నమ్మకం. మీరు మాత్రం బండి మీదే పట్టుకున్నారు, సమర్థించుకోలేదు. అది దేవుని కృపేనండి.

జవాబు (విజయనగరం):
అన్నయ్యా, మనసులో గర్వం పోయిందా ఉందా అని తవ్వుకుంటూ కూర్చుంటే అక్కడా "నేను" అనే మాటే తిరుగుద్ది. లూకా సువార్త 18లో, ధర్మశాస్త్రం పట్టుగా పాటించే పరిసయ్యుడి ప్రార్థనంతా అదే కదా, వారానికి రెండుసార్లు ఉపవాసం, పదో వంతు కానుక. పక్కనున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, కళ్లు కూడా ఎత్తలేదు, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అని ఒక్క మాటే. యూదా రాజు మనష్షే గొలుసులతో బందీగా బబులోను వెళ్లాక తనని తాను తగ్గించుకున్నాడు, అక్కడితో ఆగలేదు, తిరిగొచ్చి తను గుళ్లో పెట్టిన విగ్రహాన్ని తనే తీయించి ఊరి బయట పారేయించాడు. జక్కయ్య అనే సుంకరి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని యేసుతో అన్నాడు. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, పోయిన ఆదివారం కీబోర్డు ఎవరు వాయించారు?

జవాబు (బొబ్బిలి):
అన్నది అందరి ముందు, క్షమాపణ అడిగింది వాళ్లింట్లో. అది కూడా చూసుకోండి బ్రదర్.

ప్రశ్న అడిగినతను:
సిస్టర్, నేనే వాయించాను. రెండ్రోజులు మీకు జవాబు రాయలేకపోయాను. బొబ్బిలి బ్రదర్ మాట కూడా గట్టిగానే తగిలింది. నిన్న ప్రార్థన కూటంలో లేచి ఆ రోజు నేనన్నది తప్పని అందరికీ చెప్పాను, చేతులు వణికాయి, ఈసారి గొప్పగా ఏటీ అనిపించలేదు, సిగ్గే వచ్చింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి ఈ ఆదివారం నువ్వే వాయించు, నేను వెనక చాప మీద కూర్చుని పాడతానన్నాను. చూస్తానన్నా అన్నాడు. వస్తాడో రాడో. ప్రార్థన చెయ్యండి.