కోల్‌కతా మార్బుల్ ప్యాలెస్ పాస్ శని, ఆదివారాల్లో ఎలా?

విశాఖ నుంచి బయల్దేరి వచ్చే శనివారం పొద్దున్నే హౌరాలో దిగుతాం. ఆదివారం రాత్రికే తిరుగు రైలు. ముక్తారాం బాబు స్ట్రీట్‌లో రాజేంద్ర మల్లిక్ 1835లో కట్టించిన మార్బుల్ ప్యాలెస్ చూడాలని ప్లాన్. మామయ్యగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు, అక్కడున్న యూరప్ చిత్రకారుడు రూబెన్స్ చిత్రాల కోసమే ఈ ప్రయాణానికి ఒప్పుకున్నారు.

చిక్కు ఎక్కడంటే, ఆ ఇంట్లో ఇప్పటికీ మల్లిక్ కుటుంబం ఉంటోంది. టికెట్ లేదు, ఉచితమే, కానీ టూరిజం ఆఫీసు నుంచి కనీసం 24 గంటల ముందే పాస్ తీసుకోవాలి. సోమ, గురువారాలు సెలవు కాబట్టి ఆదివారం తెరిచే ఉంటుంది. అయితే ఆదివారానికి పాస్ కావాలంటే శనివారం పొద్దున్నే ఆఫీసులో ఉండాలి, ఆ రోజు అక్కడ పాస్‌లు ఇస్తారో లేదో తేలడం లేదు. నెట్‌లో దొరికిన నంబర్లకు ఫోన్ చేస్తే రింగవుతూనే ఉంది. ఆధార్ కాపీలు జతచేసి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఇక్కడి ట్రావెల్ ఏజెంటేమో "వెళ్లిపోండి సార్, చూసుకుంటారు" అంటాడు, ఎవరు చూసుకుంటారో చెప్పడు!

పక్కనే ఉన్న జొరాసాంకో ఠాగూర్ ఇల్లు ఎలాగూ మా లిస్టులో ఉంది. గేటు దగ్గర చేయి తడిపే సలహాలు మాత్రం వద్దు, మామయ్యగారి ముందు పరువు పోతుంది.

ఈ మధ్య అక్కడికి వెళ్లినవాళ్లు చెప్పండి: మనిషి వెళ్లకుండా, శుక్రవారంలోపే ఆదివారానికి పాస్ తెచ్చుకునే దారి ఏదైనా ఉందా?