చిట్టెలుక ఈఆర్‌జీ: నీలానికి బీ-వేవ్ ఎక్కువొస్తే అది ఎస్-కోన్లేనా?

ప్రశ్న — రెటీనాబెంచి

సీ57బీఎల్/6జే రకం చిట్టెలుకల్లో రంగులవారీగా ఈఆర్‌జీ (వెలుతురుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందన రికార్డు) తీస్తున్నాం. 365, 460, 530, 630 నానోమీటర్ల ఎల్‌ఈడీలు నాలుగున్నాయి. కంటికి కనిపించే మూడింటినీ ఫొటోమీటరు పెట్టి, ఫ్లాష్‌కు చదరపు మీటరుకు 3 క్యాండెలా-సెకన్లు వచ్చేలా సమానం చేశాం. యూవీ అయిన 365కి మీటరులో అంకే రాలేదు, కరెంటు అంచనాగా పెట్టాం. వెనక చదరపు మీటరుకు 30 క్యాండెలాల తెల్ల ఎల్‌ఈడీ వెలుతురు.

నీలానికి బీ-వేవ్ (ఈఆర్‌జీలో పైకి లేచే పెద్ద అల) ఆకుపచ్చ కన్నా బాగా పెద్దది. ఎరుపుకు దాదాపు ఏమీ లేదు. యూవీ రోజుకో రకంగా వస్తోంది. నీలం పెరగడం ఎస్-కోన్ల (పొట్టి తరంగాలను పట్టే కోన్ కణాల) వల్లేనా? అసలు లైట్లను ఏ లెక్కన సమానం చేయాలి?

జవాబు 1 — ఫొటాన్‌లెక్క

కాదండీ. క్యాండెలా మనిషి కంటికి కట్టిన కొలత. మనిషి కన్ను పగటి వెలుతురులో 530ని 0.86 వంతు పట్టించుకుంటుంది, 460ని 0.06 వంతే. అంటే క్యాండెలాల్లో సమానం చేసినప్పుడు నీలం ఎల్‌ఈడీని ఆకుపచ్చకు 14 రెట్ల పవరుతో తోలుతున్నారు. ఫొటాన్లలో చూసినా 12 రెట్ల పైమాటే. చిట్టెలుక ఎమ్-కోన్ (మధ్య తరంగాలను పట్టే కోన్) పిగ్మెంటు శిఖరం 508 దగ్గర. 460లో దానికి ఇంకా 0.6 వంతు సెన్సిటివిటీ ఉంటుంది. మీరు చూసిన పెద్ద బీ-వేవ్ ఆ ఎమ్-కోన్లదే. ఎస్-కోన్ శిఖరం 360 దగ్గర, 460కి వచ్చేసరికి దాదాపు సున్నా. మనకు నీలం అంటే ఎస్-కోన్, ఎలుకకు కాదు.

ఎరుపు సంగతీ ఇంతే. 630లో ఎమ్-కోన్ సెన్సిటివిటీ శిఖరంలో సుమారు 200వ వంతు, రాడ్లది (మసక వెలుతురులో పనిచేసే కణాలు, శిఖరం 498) సుమారు 600వ వంతు. మీ కొలత ప్రకారం ఎరుపు ఫొటాన్లు ఆకుపచ్చకు నాలుగు రెట్లే ఎక్కువ, ఆ లోటు ముందు అది ఏమూలకూ చాలదు.

కార్నియా ఉండే చోట, అదే ఎత్తులో, యూవీ దాకా పనిచేసే సిలికాన్ ఫొటోడయోడ్ పవర్‌మీటరు సెన్సరు పెట్టండి. ఒక్కో ఎల్‌ఈడీకి మీటరులో తరంగదైర్ఘ్యం మార్చాలి. మర్చిపోతే 365 రీడింగు పూర్తిగా తప్పు. వచ్చిన మైక్రోవాట్లను ఇలా మార్చండి:

సెకనుకు ఫొటాన్లు = మైక్రోవాట్లు × నానోమీటర్లు × 5.03 × 10⁹

ఒక మైక్రోవాటుకు 365 దగ్గర 1.84 × 10¹², 530 దగ్గర 2.67 × 10¹² వస్తాయి. సెన్సరు వైశాల్యంతో భాగించి చదరపు సెంటీమీటరుకు రాసుకోండి. ఫ్లాష్ వెడల్పుతో గుణిస్తే ఒక ఫ్లాష్ లెక్క.

ఫొటాన్లు సమానం చేసినా ఒకే తీవ్రత దగ్గర బీ-వేవులు పోల్చొద్దు. ప్రతి రంగుకూ ఐదారు తీవ్రతలు, అర లాగ్ యూనిట్ (సుమారు మూడు రెట్లు) ఎడంగా తీసి వక్రరేఖ గీయండి. ఆపై ఒక గీటు పెట్టుకుని, ఉదాహరణకు 20 మైక్రోవోల్టులు, అది రావడానికి ఏ రంగుకు ఎన్ని ఫొటాన్లు పట్టాయో చూడండి. దాని విలోమమే సెన్సిటివిటీ. వక్రరేఖ పైకొస కుదించుకుపోయే చోట పోలిస్తే రంగుల మధ్య తేడా ఉన్నదానికన్నా చిన్నగా కనబడుతుంది.

జవాబు 2 — గంజ్‌ఫెల్డ్‌గుడ్డు

యూవీ రోజుకోలా రావడానికి ముందు దారిలో ఏముందో చూడండి. ఎలుక కంటికి వెలుతురు పరిచే డోము లోపల మామూలు తెల్ల పెయింటుంటే అది టైటానియం డయాక్సైడు. 400 కింద వెలుతురును అది మింగేస్తుంది. బేరియం సల్ఫేటు పూత గానీ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గానీ కావాలి. తెల్ల కాగితం డిఫ్యూజరుగా పెట్టారా? అందులోని ఆప్టికల్ బ్రైటెనరు యూవీ తాగి నీలంగా వెలుగుతుంది. అప్పుడు మీరు కొలిచేది 365 కాదు, 430-450. కాంటాక్ట్ లెన్స్ ఎలక్ట్రోడ్ వాడుతుంటే దాని ప్లాస్టిక్ యూవీని ఎంత పంపుతుందో స్పెక్ట్రోమీటరుతో చూడండి. బంగారు తీగ వలయం పెడితే ఆ తలనొప్పే ఉండదు.

కాంతి తగ్గించడానికి గాజు ఎన్‌డీ (అన్ని రంగులనూ సమానంగా తగ్గించే) ఫిల్టర్లు వాడితే యూవీ దగ్గర గుర్తు రాసిన అంకె నమ్మొద్దు. ఫ్యూజ్డ్ సిలికా మీద లోహపు పూత ఉన్నవి తీసుకోండి. కరెంటు తగ్గించి మసక చేస్తే ఎల్‌ఈడీ శిఖరం పక్కకు జరుగుతుంది. కాబట్టి కరెంటు కదపకుండా పల్సు వెడల్పు 0.1 నుంచి 4 మిల్లీసెకన్ల మధ్య మార్చడం మేలు. అంత పొట్టి పల్సుల్లో కన్ను మొత్తం ఫొటాన్లనే కూడుకుంటుంది.

ఇంకోటి: ఎలుక లేకుండా, ఎలక్ట్రోడును సెలైన్‌లో ముంచి అదే ఫ్లాష్ ఇవ్వండి. ఫ్లాష్‌తో పాటే ఒక ముల్లు లేస్తే, లోహం మీద వెలుతురు పడి పుట్టిన ఆర్టిఫాక్టది. వెండికి నీలం, యూవీల దగ్గర ఎక్కువ. దాన్ని ఏ-వేవ్ (బీ-వేవ్‌కు ముందు కిందికి దిగే అల) అనుకుని కొలిచేవాళ్లున్నారు.

365తో పనిచేసేటప్పుడు యూవీ కళ్లజోడు పెట్టుకోండి, మన కంటికి మసకగా కనిపించినంత మాత్రాన తక్కువ కాదు.

ఇవన్నీ సరిచేశాక 365కు వచ్చేది నికరంగా ఎస్-కోన్ రెస్పాన్సే.

జవాబు 3 — ఎమ్‌కోన్

పైదాంట్లో చివరి వాక్యానికి సవరణ. ఎమ్ పిగ్మెంటుకు యూవీలో రెండో చిన్న గుట్ట, బీటా బ్యాండ్, ఉంది. అక్కడ దాని సెన్సిటివిటీ శిఖరంలో నాలుగో ఐదో వంతు. పైగా చిట్టెలుక రెటీనా కింది సగంలో చాలా కోన్లు రెండు ఆప్సిన్లనూ (పిగ్మెంటు ప్రోటీన్లను) కలిపి పెట్టుకుంటాయి, ఎస్‌దే పైచేయి. కాబట్టి 365 అంటే ఎస్ మాత్రమే అనడానికి లేదు. ఎస్ పిగ్మెంటు వాటా విడిగా చూడాలంటే వెనక స్థిరంగా గట్టి ఆకుపచ్చ వెలుతురు పెట్టి, రాడ్లనూ ఎమ్‌నూ అణచి, దాని మీద యూవీ ఫ్లాష్ ఇవ్వండి.

మీ తెల్ల ఎల్‌ఈడీలో యూవీ ఉండదు. అది ఎమ్‌ను, రాడ్లను అడాప్ట్ చేస్తుంది, ఎస్ పిగ్మెంటును ముట్టుకోదు. అందుకే ఆ వెలుతురులో యూవీ రెస్పాన్స్ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. పేపర్లో బ్యాక్‌గ్రౌండ్ స్పెక్ట్రమ్ రాయకపోతే రివ్యూయర్ తప్పకుండా అడుగుతారు.

జవాబు 4 — మత్తుమోతాదు

సగం తేడాలు ఎలుకను పడుకోబెట్టిన తీరులోనే ఉంటాయి. కెటమీన్ కిలోకు 80-100 మి.గ్రా., జైలజీన్ 5-10 మి.గ్రా., ఉదర కుహరంలోకి ఇంజెక్షనుగా. చేతికందే సమయం ముప్పావుగంట లోపే. ట్రోపికమైడ్ 1 శాతం చుక్క వేసి కంటిపాప పూర్తిగా విచ్చుకున్నాకే మొదలుపెట్టండి. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలపాలి. ఎలుక చల్లబడినా, కార్నియా ఆరినా లెన్స్ పాలలా తెల్లబడుతుంది. వేడెక్కితే తిరిగి తేటపడుతుంది కానీ ఆ రోజు రీడింగు పోయినట్టే. ఆ మసక పొట్టి తరంగాలను ముందు ఆపుతుంది, అందుకే యూవీ మొదట పడిపోతుంది. హైప్రోమెల్లోజ్ జెల్ పలచగా, తరచూ వేయండి.

బ్యాక్‌గ్రౌండ్ వేశాక బీ-వేవ్ కాసేపు పెరుగుతూనే ఉంటుంది. అన్ని ఎలుకలకూ కచ్చితంగా 10 నిమిషాలు ఆగి మొదలెట్టండి. రంగుల వరస ఎలుక ఎలుకకూ మార్చండి. ప్రతి ఐదు నిమిషాలకూ మొదటి ఆకుపచ్చ ఫ్లాష్‌నే మళ్లీ ఇచ్చి చూడండి, 15 శాతానికి మించి తగ్గితే ఆ సెషన్ పక్కన పెట్టేయాలి. ఫొటోపిక్‌కు (వెలుతురులో తీసే ఈఆర్‌జీకి) 30-50 ఫ్లాష్‌ల సగటు తీస్తేనే కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గీత అణుగుతుంది. అదే పనిగా వస్తుంటే వేడి ప్యాడ్ వైరు, గ్రౌండు సూది చూడండి.

రెటీనాబెంచి

డిఫ్యూజరు ఏ4 కాగితమే! మార్చేస్తాం. ఎలుకను రాత్రంతా చీకట్లో ఉంచాక పట్టుకోవడానికి 630 ఎర్ర దీపం వాడుతున్నాం, పర్వాలేదా?

ఫొటాన్‌లెక్క

మసకగా ఉంటే సరే. కానీ 600వ వంతు అంటే సున్నా కాదు, దీపం పక్కనే పెడితే చీకట్లో కూర్చోబెట్టిన ఫలం పోతుంది. 660కి మారండి, అక్కడ రాడ్ల సెన్సిటివిటీ ఇంకో పది రెట్లు తక్కువ. దీపాన్ని గోడవైపు తిప్పి పెట్టుకోండి.