గుండె కనిపించే ఈ గాజు కప్ప డయానే జాతిదా, చిరిపోయ్ జాతిదా?

కోస్టారికాలో తలమంకా కొండల కరీబియన్ వైపు వాలులో, సుమారు 600 మీటర్ల ఎత్తున తీసిన ఫొటోలతో వారం రోజులుగా కుస్తీ పడుతున్నాను. రాత్రి 8:40కి, జల్లు ఆగాక, వాగు మీదికి వంగిన ఆకు అడుగున కనిపించింది. ఒళ్లు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో. కంటి పాప నల్లగా, అడ్డంగా ఉంది. చుట్టూ వెండి తెలుపు. టార్చ్ వేస్తే పొట్ట చర్మంలోంచి ఎర్రటి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది.

ఫొటో చూసి జాతిని గుర్తించే యాప్ మాత్రం ఫ్లైష్‌మన్ గాజు కప్ప అంటోంది. దాని గుండెను తెల్లటి పొర కప్పేస్తుంది కదా, కాబట్టి ఆ పేరు కొట్టేశాను. వీపు మీద పెద్ద పసుపు మచ్చలు లేవు, అంటే వలేరియోయ్ అనే మరో గాజు కప్ప జాతి కూడా కాదు. ఇక నా అనుమానమల్లా 2015లో ఇదే వాలు నుంచి కొత్త జాతిగా వర్ణించిన డయానే మీద, లేదంటే చిరిపోయ్ మీద. చిరిపోయ్‌కి చేతి రెండు, మూడు వేళ్ల మధ్య పొర బాగా విస్తరించి ఉంటుందని చదివాను. నా ఫొటోలన్నిట్లో సరిగ్గా ఆ వేళ్లే ముడుచుకుని ఉన్నాయి, ఖర్మ! కప్పను ముట్టుకోలేదు. 20 సెకన్ల కూత రికార్డింగ్ మాత్రం ఉంది: లోహపు ఈలలా ఒక్కటే పొడవాటి కూత.

వేళ్లు చూడకుండా, కూతను బట్టే డయానేని చిరిపోయ్ నుంచి వేరు చేయవచ్చా?