‘పెప్టైడ్ ఎడిటింగ్’ను ‘సవరణ’ అనొచ్చా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు ఇమ్యునాలజీ పాఠం రాస్తున్నాం. టపాసిన్ అనే ప్రోటీన్ చేసే ‘పెప్టైడ్ ఎడిటింగ్’ను (పెప్టైడ్ అంటే ప్రోటీన్ చిన్న ముక్క) ‘పెప్టైడ్ సవరణ’ అనొచ్చా? ‘చాపెరోన్’ను ‘సహాయక ప్రోటీన్’ అంటే చాలా?

జవాబు: ‘సవరణ’ వద్దండీ. ఆ మాట వింటే పెప్టైడే మారిందనుకుంటారు. టపాసిన్ అందులో ఒక్క అమైనో ఆమ్లాన్ని కూడా ముట్టుకోదు. పెప్టైడ్‌ను కణం పైకి తీసుకెళ్లి టి కణాలకు చూపే ఎంహెచ్‌సీ క్లాస్ 1 అణువు గాడిలో, పెప్టైడ్ సి-కొస (చివరి కొస) కూర్చునే వైపును కాస్త వెడల్పు చేస్తుంది. వదులుగా ఉన్న పెప్టైడ్ జారిపోతుంది, గట్టిగా అతుక్కునేది నిలుస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరితే గింజ మారదు కదా! అందుకే ‘ఏరివేత’ అనండి.

నిజంగా పెప్టైడ్‌ను మార్చేది ఈఆర్‌ఏపీ1 అనే ఎంజైమ్. కణంలో ప్రోటీన్లను కోసే ప్రోటియాసోమ్ చేసిన ముక్కల్లో సుమారు 8–16 అమైనో ఆమ్లాలవాటిని ట్యాప్ అనే రవాణా ప్రోటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి (కణం లోపలి పొరల వలలోకి) చేరవేస్తుంది. పొడవెక్కువైనవాటిని ఈఆర్‌ఏపీ1 ఎన్-కొస (మొదటి కొస) నుంచి ఒక్కొక్కటిగా తెంచి 8–10కి తెస్తుంది. దానికి ‘కత్తిరింపు’ చక్కగా సరిపోతుంది.

మరొకరు: ‘ఏరివేత’ నాకూ నచ్చింది. ‘సహాయక’ మాత్రం ఈ పాఠంలో అస్సలు పనికిరాదు. నాలుగు పేజీలు తిప్పితే ‘సహాయక టి కణాలు’ వస్తాయి, పిల్లలు రెండింటికీ ముడిపెట్టేస్తారు. ‘చాపెరోన్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘తోడుండే ప్రోటీన్’ అని విప్పి చెప్పండి. ఇక్కడి తోడు కూడా ఒక్కటి కాదు: టపాసిన్‌కు డైసల్ఫైడ్ బంధంతో అంటుకుని ఈఆర్‌పీ57, క్లాస్ 1 అణువులోని భారీ గొలుసు మీది చక్కెరను పట్టుకుని కాల్‌రెటిక్యులిన్.

ఇంకొకరు: క్రియ విషయంలో కూడా జాగ్రత్త. ‘టపాసిన్ పెప్టైడ్‌ను ఎక్కిస్తుంది’ అని రాస్తే, అది లేకపోతే ఏదీ ఎక్కదని అర్థం వస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి*44:02, బి*44:05 చూడండి; ఇవి మనుషుల్లోని రెండు ఎంహెచ్‌సీ క్లాస్ 1 రకాలు. తేడా 116వ స్థానంలో ఒక్కటే: మొదటిదాంట్లో ఆస్పార్టేట్, రెండోదాంట్లో టైరోసిన్. టపాసిన్ లేని కణంలో బి*44:02 కణం పైకి చాలా తక్కువ చేరుతుంది, బి*44:05 మాత్రం బాగానే చేరుతుంది. కాబట్టి ‘ఎక్కడానికి తోడ్పడుతుంది’ అనాలి.

మొదటి జవాబు రాసినవారే: నిజమేనండీ, అది తప్పక మార్చాలి. ‘ఏరివేత’ ఎంహెచ్‌సీ క్లాస్ 2 అణువులకి కూడా నప్పుతుంది. హెచ్‌ఎల్‌ఏ-డీఎం అనే ప్రోటీన్ అక్కడ గాడిని ముందే నింపి ఉంచిన క్లిప్ అనే ముక్కను బయటికి తోసి, మంచి పెప్టైడ్‌కు చోటిస్తుంది.