అమ్మని చేర్చే ముందు వృద్ధాశ్రమంలో ఏమేం చూడాలి?

నమస్కారం అండీ. పక్షవాతం వచ్చాక మా అమ్మకి కుడి చెయ్యి, కాలు సరిగా పనిచెయ్యడం లేదు. మతిమరుపు కూడా మొదలైంది. 24 గంటలూ పక్కన మనిషి ఉండాలి, ఇంట్లో మా వల్ల కావడం లేదు. నర్సులుండే వృద్ధాశ్రమంలో చేర్చాలనుకుంటున్నాం.

వెళ్ళి చూసినచోట హాలు అద్దంలా ఉంది. గోడ మీద వారం కార్యక్రమాల పట్టిక కూడా పెట్టారు: పాటలు, వ్యాయామం, బొమ్మలు వెయ్యడం. కానీ మేమున్నంతసేపూ పెద్దవాళ్ళంతా టీవీ ముందు వరసగా కూర్చునే ఉన్నారు, ఒక్కరూ వాళ్ళని పలకరించలేదు. నా దిగులంతా అదే. అమ్మ మాటకారి. నలుగురితో మాట్లాడిన రోజే కాస్త తిండి తింటుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళని, మతిమరుపు ఉన్నవాళ్ళని నిజంగా కలుపుకుంటారా, గదిలోనే వదిలేస్తారా అన్నది బయటివాళ్ళం ఎలా కనిపెట్టాలి?

వైద్యం సంగతి కొంత తెలుసు. కదల్లేనివాళ్ళని సుమారు 2 గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటిమీద పుండ్లు పడతాయని ఆసుపత్రిలో చెప్పారు. రాత్రి డ్యూటీలో ఒక్కొక్కరికి ఎంతమందిని అప్పగిస్తారు, బరువు ఎన్నాళ్ళకోసారి చూస్తారు, పడిపోతే మాకు ఎప్పుడు కబురు చేస్తారు అని అడుగుతాను. ఇంకేం అడగాలి? చెప్పకుండా సాయంత్రం పూట వెళ్తే లోపలికి రానిస్తారా?

మీవాళ్ళని ఇలా చేర్చినవాళ్ళు, అక్కడ పనిచేసినవాళ్ళు దయచేసి చెప్పండి. మొదట్లో అమ్మ ముభావంగా ఉంటే, అది కొత్త చోటు వల్లో, చూసుకోవడంలో లోపం వల్లో ఎలా తెలుస్తుంది?